గంట కొట్టే కంప్యూటర్

సంగారెడ్డి కోర్టు దగ్గర కంప్యూటర్‌కు తెలుగు నేర్పిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ మాట నేను బస్సుల్లో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు నోట్లో దూది పెట్టుకుని డాక్టరుకు కూడా చెప్పాను. నేను నేర్పిన ఆ రోజు జడ్జిగారు స్వయంగా లేచి గేటు దాకా నడిచి వచ్చారనీ, చూసి తల ఊపారనీ కూడా చెబుతుంటాను. ఇందులో పాలెన్నో, నేను కలిపిన నీళ్లెన్నో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ముందే చెప్పేస్తే మీరు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. అంత అమాయకుణ్ని కాను.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఒక బియ్యం సంచి. పోయిన నెల మా అక్క సుగుణ తన కిరాయి గది ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేసింది. పెళ్లి వద్దనుకుని, ఎవరి మాటా వినకుండా ఇన్నేళ్లు ఒక్కతే బతికింది. ఇప్పుడు మోకాళ్లు ఆమె మాట వినడం మానేశాయి కాబట్టి వచ్చింది. ఆటోలోంచి దించిన సామానులో పాత బైబిలు, ఇత్తడి గిన్నెలు, మూతి కుట్టేసిన ఒక బియ్యం సంచి. కుట్టు విప్పితే లోపల ఒక కీబోర్డు. మీటల మీద ఒక్క అక్షరం లేదు. అన్నీ అరిగి, పసుపు తిరిగి, నున్నగా ముసలివాళ్ల గోళ్లలా ఉన్నాయి. మా ఆవిడ లీల దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "వదినా, గిది పారేద్దామా?" అంది. అక్క తల తిప్పకుండానే, "పారెయ్. దాంతోని నన్ను గూడ చెత్తబండి ఎక్కియ్" అంది. కీబోర్డు ఇప్పుడు మా బీరువా మీద ఉంది.

ఆ కీబోర్డు మా ఇంటికి వచ్చిన కాలానికి నాకు మంచి యవ్వనం. ఈ వాక్యం రాస్తుంటే భుజం మీదుగా చూసిన లీల, "అప్పటికే నీ నెత్తి మీద ఎంటికలు పోయినయ్" అంది. సరే, కంప్యూటర్ల యవ్వనం అనుకోండి. మా ఇల్లు పాత జైలుకు దగ్గరి సందులో ఉండేది. నాయిన జైల్లో వార్డరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం మానినా ఆ అలవాట్లు మానలేదు. తెల్లవారగానే లేచి ప్రతి తలుపు గొళ్లెం, బీరువా పిడి, చివరికి బియ్యం డబ్బా మూత కూడా లాగి చూసేవాడు. అన్నీ గట్టిగా పడి ఉన్నాయని తేలాకే చాయ్ అడిగేవాడు. అక్క తలకు కొబ్బరినూనె రాసుకుని, టిఫిన్ డబ్బా కట్టుకుని కోర్టుకు నడిచిపోయేది. సాయంత్రం ఆమెకంటే ముందు టైపు రిబ్బను సిరా వాసన గడప దాటేది. ఎంత రుద్దినా వదలని కార్బన్ కాగితం నీలం ఆమె వేళ్ల మీద ఉండేది. అన్నం తింటున్నప్పుడు ఆమె ఎడమ చేతి వేళ్లు చాప మీద వాటంతట అవే కదిలేవి. మేం మాట్లాడేదంతా అవి కొడుతున్నాయని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాయిన తిడితే ఆ తిట్టు కూడా తప్పులు లేకుండా టైపయ్యేది.

కోర్టు గేటు పక్కన జిరాక్సు దుకాణం అరుగు మీద అక్క కుర్చీ, బల్ల, దాని మీద తెలుగు టైపు మిషను. ఎండాకాలంలో ఆ మిషను ఇనుము కాలి చేతులు చురుక్కుమనేవి. వానాకాలంలో కాగితాలు మెత్తబడేవి. అయినా ఆ కుర్చీ మీద ఆమె తప్ప ఇంకెవరూ కూర్చోగా నేను చూడలేదు. చిత్తు రాసుకోవడం ఆమె ఎరగదు. దరఖాస్తు కోసం వచ్చిన మనిషిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇగ చెప్పు" అనేది. ఆ మనిషి, "మా చిన్నాయిన కొడుకు గెట్టు జరిపిండమ్మా" అంటే, కాగితం మీద "ప్రతివాది హద్దురాయిని అక్రమముగా జరిపినందున" అని పడేది. ఆమె కళ్లు ఎప్పుడూ ఆ మనిషి మొహం మీదే. లైను చివరికి వస్తోందని మిషను గంట కొట్టగానే ఎడమ చెయ్యి లేచి పిడిని తోసేది, కాగితం కొత్త లైనుకు తిరిగేది. ఆమె చూపు మాత్రం కదిలేది కాదు. నేను చిన్నప్పుడు చర్చిలో ప్రార్థన చేసేవాళ్లను కూడా అంత నిదానంగా కూర్చోగా చూడలేదు.

అలాంటి కుర్చీ కిందికి నీళ్లొచ్చాయి. అక్కకు ఎక్కువ పని ఇచ్చే రాఘవరెడ్డి వకీలు ఒకరోజు వచ్చి, నిలబడే చెప్పాడు. "సుగుణమ్మా, ఒక్క పేరు తప్పు పడితె పేజీ అంత మల్ల కొట్టుడు ఇగ నడువది. సెలవుల తర్వాత నాకు కంప్యూటర్ కాపీనే కావాలె. కొట్టగలిగితె కొట్టు, లేకపోతె ఎదురుంగ డీటీపీల ఇచ్చుకుంట. మనసుల పెట్టుకోకు." రోడ్డుకు అవతల డీటీపీ దుకాణం అప్పటికే ఏసీ పెట్టుకుని నడుస్తోంది. మిగతా వకీళ్లు రాఘవరెడ్డి ఎటు తిరిగితే అటు తిరిగేవాళ్లే. అక్క ఆ రాత్రి అన్నం తింటుంటే ఎడమ చెయ్యి చాప మీద కదలలేదు. నాయిన మొట్టమొదటిసారి గొళ్లేలను వదిలి ఆమె చేతి వైపు చూశాడు.

నేనప్పుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక పంపుల ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ని. బయట కంప్యూటర్ సెక్షను అని చెప్పుకునేవాణ్ని. నిజానికి నాది స్టోర్సు. స్టోర్సులో ఒక కంప్యూటర్ ఉండేది. సాయంత్రం దాని మీద గుడ్డ కప్పడం నా బాధ్యత. ఫ్యాక్టరీ వాళ్లు పాత మిషన్లను తుక్కు కింద తీసేస్తుంటే అందులో ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. పక్క సీటాయన అది టీవీ అనుకుని క్రికెట్ స్కోరు అడిగాడు. అడిగాడు కదా అని చెప్పాను. ఇంటికి తెచ్చి మీట వేస్తే అది సగం లేచి, మూలిగి, మళ్లీ పడుకునేది. లోపల ఎవరిదో దొంగ కాపీ సిస్టం, దాని నిండా వైరస్‌లు. కొత్త సిస్టం ఎక్కించాలంటే అంత భారం ఆ ముసలి మిషను మోయలేదు.

ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో మహంతి అని ఒడిశా నుంచి వచ్చిన ఇంజనీరు ఉండేవాడు. గుండ్రటి మనిషి, ఎప్పుడూ నోట్లో సోంపు. ఆయన దగ్గరికి పోయి, ఒక కంప్యూటర్‌కు సిస్టం కావాలన్నాను. ఆయన సొరుగు తెరిచాడు. లోపల స్కెచ్ పెన్నుతో పేర్లు రాసిన సీడీల దొంతర. "కంప్యూటర్ ఛోడో, జీవన్ భాయ్. బైఠేగా కౌన్?" అన్నాడు. కూర్చునేది ఎవరు అని ఆయన ప్రశ్న. నాకు అర్థం కాలేదు. అప్పుడు తన హిందీకి నా తెలుగు అతికించి వివరించాడు. ఇవన్నీ లినక్స్ అనే ఒకే తాను గుడ్డలోంచి కత్తిరించినవే. బడిపిల్లలకు ఒకటి, పెద్ద ఫ్యాక్టరీ లెక్కలు నడిపేవాళ్లకు ఒకటి, అన్నీ తన చేత్తోనే అమర్చుకోవాలనుకునే మొండివాళ్లకు ఒకటి, నాలాగా ఏమీ తెలియనివాళ్లకు ఒకటి, ఊపిరాడని ముసలి మిషన్లకు తేలికైనది ఇంకొకటి. బజార్లో కొనే సిస్టం రెడీమేడ్ చొక్కా, మనమే దాంట్లోకి దూరాలి. దీన్ని కుట్టినవాళ్లు కుట్టు కనిపించేలా వదిలేశారు. విప్పి మన ఒంటికి సరిపడా మళ్లీ వేసుకోవచ్చు, వేసుకున్నది పదిమందికి ఇవ్వొచ్చు, ఎవరూ ఏమీ అనరు. "ఇస్‌కా తాలా నహీ హై" అని సోంపు డబ్బా మూత తీసినట్టు చెయ్యి తిప్పి చూపించాడు.

ఈ తాళం లేదన్న మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తాళం లేంది గదేం వస్తువురా? ఎవడన్న లోపటికి సొచ్చి అంత మార్సి పోతె?"

"మనమే మార్సుకోవచ్చు నాయినా. అదే దాని గొప్ప."

"ఖైదీ గూడ గట్లనే అంటడు" అన్నాడు నాయిన.

కానీ మహంతి ఇచ్చిన సీడీ ఎక్కించాక ఆయనే ముందు లొంగాడు. ఒకే మిషనులో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో గది, ఒక్కో రహస్యపదం ఉంటాయని చూపిస్తే మొహం వికసించింది. "ఇగ జెర జైలు లెక్క ఉన్నది" అని మెచ్చుకున్నాడు. ఆయన గదిలో పేకాట, అరచెయ్యంత ముక్కలతో. బడిలో లెక్కలు చెప్పే లీల గదిలో ప్రశ్నపత్రాలు. అక్క గదిలో ఏ బొమ్మలూ లేని తెల్లకాగితం ఒక్కటే. అందరికీ కొలతలు సరిపోయాయి. అక్కకు మాత్రం సరిపోలేదు.

సరిపోకపోవడానికి కారణం అక్షరాలు. కంప్యూటర్‌లో తెలుగు మీటల అమరిక వేరు, టైపు మిషను అమరిక వేరు. ఆమె "విన్నపము" అని కొడితే తెర మీద ఏదో అడవి భాష పడింది. నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కాలం మారింది, వేళ్లు కూడా మారాలి, మీటల మీద కాగితం ముక్కలు అంటిస్తా, చూసుకుంటూ కొడితే రెండు నెలల్లో వచ్చేస్తుంది అన్నాను. ఆమె ముగిసేదాకా విని, "నేను కింద మీటలు సూస్కుంట కూసుంటె, ఎదురుంగ మనిషి మొహం ఎవలు సూస్తర్రా?" అంది. మళ్లీ తనే అందుకుంది. "నీ దోస్తు ఏమన్నడు? కుట్టు ఇప్పొచ్చు అన్నడా లేదా? మరి ఇన్నేండ్ల నుంచి కొట్టిన నా వేళ్లు ఎందుకు ఇప్పుతవు? దాన్ని ఇప్పు."

ఆదివారాలు మొదలయ్యాయి. చర్చి నుంచి రాగానే ఒక పొయ్యి మీద తలకాయ కూర, ఇంకో పొయ్యి మీద బగార అన్నం. ఆ షాజీరా వాసన ఇప్పటికీ ముక్కుకు తగిలితే నాకు కీబోర్డే గుర్తొస్తుంది. మహంతి పటాన్‌చెరు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. లినక్స్ లోపల ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే ఫైలు మామూలు అక్షరాల్లోనే ఉంటుందని, దాన్ని ఎవరైనా తెరిచి దిద్దొచ్చని చూపించాడు. ఇగ తేలికే అనుకుని, "అక్కా, 'ళ' ఎక్కడుంటది?" అని అడిగాను. అక్క నోరు తెరిచి, మూసింది. ఆమెకు తెలియదు! ఇన్నేళ్లు కొట్టిన మనిషికి ఒక్క అక్షరం చోటు కూడా తెలియదు. తెలిసింది వేళ్లకే. టైపు మిషను చూద్దామంటే అది ఆదివారం పూట జిరాక్సు దుకాణంలో చెక్కపెట్టెలో ఉంది. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఉత్త బల్ల మీద పెట్టి, "కళ్యాణం" అని కొట్టింది. నేను ఒంగి ఏ వేలు ఎటు పోయిందో చూశాను. మళ్లీ "పెళ్లి" కొట్టించాను, "ముళ్లు" కొట్టించాను. అదే వేలు, అదే చోటు. అలా ఒక్కో మాటతో ఒక్కో అక్షరాన్ని బల్ల మీది నుంచి ఏరుకున్నాం. నాయిన పేకాట ఆపి వచ్చి, తన సర్వీసులో చూసిన నేరాల పేర్లు మాటలుగా అందించేవాడు. "దోపిడీ కొట్టు బిడ్డా, 'ఢ' కోసం ఢంకా కొట్టు" అంటుంటే మహంతి ఏమీ అర్థం కాక పళ్లెం నింపుకుని నవ్వేవాడు.

ఇంకో చిక్కు తలకట్టు. టైపు మిషను మీద అక్షరం ఒళ్లు ఒక దెబ్బ, నెత్తిన తలకట్టు ఇంకో దెబ్బ. కంప్యూటర్‌కు ఆ రెండో దెబ్బ అక్కర్లేదు, కానీ అక్క వేలు కొట్టకుండా ఊరుకోదు. అందుకని ఆ మీట నొక్కితే ఏమీ చెయ్యకుండా గమ్మున ఉండమని ఫైలులో రాశాం. ప్రపంచంలో ఏ కంపెనీ అయినా ఏమీ చెయ్యని మీటను అమ్ముతుందా? మేం చేశాం, మా అక్క వేలు నొచ్చుకోకుండా. ఆఖరికి గంట. కంప్యూటర్ లైనును తనే మడుస్తుంది, గంట కొట్టదు. గంట లేకపోతే అక్కకు ఊపిరి తీసుకోవడం తెలియలేదు. లైను చివర ఎక్కడో తెలియక, లేని పిడి కోసం ఎడమ చెయ్యి ఎప్పుడు పడితే అప్పుడు లేచేది. ఒకసారి నా కళ్లద్దాలు, ఒకసారి మహంతి కూర గిన్నె ఎగిరిపోయాయి. చివరికి లైను ముగిసే ముందు టింగుమనేలా నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి పెట్టాను. ఆ రోజు అక్క చెయ్యి టింగుకు లేచి, గాలిని ఒక్క తోపు తోసి, బుద్ధిగా మీటల మీదికి తిరిగొచ్చింది. నేను స్టూలు ఆమె కుడివైపుకు మార్చుకున్నాను.

సెలవులు అయి కోర్టు తెరిచిన రోజు కంప్యూటర్‌ను, తుక్కులోనే దొరికిన ప్రింటరును ఆటోలో తీసుకుపోయి అరుగు మీద పెట్టి, జిరాక్సు దుకాణం లోపలి నుంచి కరెంటు వైరు లాక్కున్నాం. రాఘవరెడ్డి వకీలు జిన్నారం వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఏదో ఫ్యాక్టరీ వదిలిన నీళ్లు ఆమె బోరులో దిగి పొలం చెడిపోయిందని దరఖాస్తు. తను చేత్తో రాసిన చిత్తును డీటీపీ ఆపరేటరుకు ఇచ్చాడు. అక్కకు ఆ ముసలావిడనే ఇచ్చాడు. "ఇద్దరు కొట్టుండ్రి. ఏది బాగుంటె గదే పెడత" అన్నాడు. అక్క స్టూలు చూపించి, "కూసో అవ్వా. ఇగ చెప్పు" అంది. ఇక చూడండి! వేళ్లు వాన పడ్డట్టు. టింగు, చెయ్యి గాల్లోకి, మళ్లీ వాన. జనం మూగారు, వకీళ్లు చాయ్ గ్లాసులతో నిలబడిపోయారు. గంట శబ్దం బస్టాండు దాకా వినిపించింది. అవతల ఆపరేటరు ఇంకా రెండో పేజీలో చెమటలు కక్కుతుండగానే అక్క కాగితం ప్రింటరులోంచి గరగరమంటూ బయటికొచ్చింది. వకీలు చదివాడు. మళ్లీ చదివాడు. "సుగుణమ్మా, కుర్చీ గట్టిగ ఏసుకో. నా పనంత నీ దగ్గర్నే" అన్నాడు. అప్పుడే జడ్జిగారు గేటు దాకా వచ్చారు.

ఇక్కడ కొంచెం నీళ్లు తోడెయ్యాలి. వచ్చింది జడ్జిగారు కాదు, ఆయన అటెండరు, చాయ్ కోసం. తల ఊపింది చక్కెర తక్కువ వెయ్యమని. జనం అంటే జిరాక్సాయన, నాయిన, ఇద్దరు ఆటోవాళ్లు. గంట బస్టాండు దాకా వినబడలేదు, రోడ్డు అవతలికి కూడా వినబడలేదు. మొట్టమొదటివాణ్ని కూడా కాను, ఆ డీటీపీ వాళ్లు నాకంటే ఎంతో ముందే కంప్యూటర్ మీద తెలుగు కొడుతున్నారు. గంట ప్రోగ్రాం నాది కాదు, మహంతిది. నేను వడ్డించాను. కానీ కుర్చీ నిలిచిన మాట నిజం. అందులో చుక్క నీరు లేదు.

నిలవడమే కాదు, పాకింది కూడా. మెదక్ నుంచి, జహీరాబాద్ నుంచి టైపువాళ్లు వచ్చి "సుగుణక్క అమరిక" కావాలని అడిగేవాళ్లు. సీడీ మీద ఎక్కించి ఇచ్చేవాణ్ని. ఇంకెవరికైనా ఇవ్వొచ్చా అని గుసగుసగా అడిగితే, ఇవ్వకపోతేనే తప్పు అని గట్టిగా చెప్పేవాణ్ని. ప్రెస్సు మిషనులో రెండు వేళ్లు పోగొట్టుకుని టైపు పనిలోకి దిగిన యాదగిరి అనే ఆయన వచ్చినప్పుడు మళ్లీ ఫైలు విప్పి, పోయిన వేళ్ల అక్షరాలను ఉన్న వేళ్ల కిందికి జరిపాం. ఆయన తన పేరు కొట్టుకుని చూసి, అరుగు మీద నిలబడి అందరికీ చాయ్ చెప్పాడు. ఇప్పుడు సంగారెడ్డి బస్సులో కూర్చుంటే చాలామంది జేబుల్లోని ఫోన్ల అడుగున ఆ లినక్సే ఉంది. గెలిచింది మేమే అని ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది, చెబుతాను కూడా. కానీ ఆ ఫోన్ల కుట్టు విప్పి చూసేవాళ్లు కనిపించరు. చూపంతా అద్దం మీదే, పక్కన మనిషి ఏడుస్తున్నా అద్దం మీదే. మా కాలం గొప్పదని కాదు. మా కాలంలో ఏసీ లేదు, బల్ల కుంటిది. అయినా మా అక్క వేళ్లను మార్చమన్న మిషనునే మేం మార్చేశాం. ఆమె వేగం ముందు డీటీపీ దుకాణం ఓడిపోయింది.

ఇంతదాకా రాసి నిన్న అక్కకు చదివి వినిపించాను. మంచం మీద కూర్చుని, దుప్పటి మీద వేళ్లు ఆడిస్తూ విన్నది. ముగిశాక మెచ్చుకుంటుందేమోనని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"ఎవడు చెప్పిండ్రా నీకు, నేను ముందుగాల అయిపోగొట్టిన్నని?" అంది. "ముందు అయింది ఆ డీటీపీ ఆయనది. మంచిగ కొట్టిండు గూడ. నేను నడుమల ఆపిన."

"ఆపినవా? ఎందుకు?"

"ఆ అవ్వ కొంగు కింద చేతులు దాసుకున్నది. సూపియ్ అన్న. తోలంత లేసిపోయింది ఆ నీళ్లకు. వకీలుకు చెప్పలే, సిగ్గయిందట. గది నేను రాసిన. వకీలు రెండోసారి చదివింది గా లైనే." దుప్పటి మీద ఎడమ చెయ్యి లేచి గాలిని ఒక్క తోపు తోసింది. "నీ డబ్బ జేసింది ఒక్కటే పనిరా జీవా. నా కండ్లు నాకు ఇడిసిపెట్టింది. గది రాయి. జడ్జి, గంట, వాన, అంత కొట్టెయ్."